భిక్షువును లెక్క అడిగితే పాపమా? అమ్మ ఇచ్చిన దానం పుణ్యం ఏమవుతుంది?

మల్లి_కావలి
అందరికీ నమస్కారం. మాది కావలి పక్క పల్లె. మా అమ్మ జాకెట్లు కుట్టి, రూపాయి రూపాయి కూడబెట్టి చీటీ కట్టింది. చీటీ ఎత్తిన డబ్బు మొత్తం తీసకపోయి, ధ్యానమందిరం కట్టిస్తామన్న ఒక భంతే (బౌద్ధ భిక్షువు) గారి చేతిలో పెట్టింది. మందిరం లేవలేదు. పునాది తీసిన చోట చిల్లచెట్లు మొలిచినాయి. మా తమ్ముడు పోయి లెక్క అడిగినాడు. వాళ్ళు చూపలేదు. మాటా మాటా పెరిగి వీడు నలుగురి ముందర "కాషాయం కట్టినోళ్ళంతా దొంగలే" అని అరిచి వచ్చినాడు.

అక్కడి భక్తులు ఇద్దరు ఇంటికొచ్చి అమ్మతో "సంఘాన్ని (భిక్షువుల సమూహాన్ని) నిందించినోడు అవీచి నరకానికి పోతాడు, నీ దానఫలం కూడా వాడి నోటితోనే బుగ్గిపాలయింది" అని చెప్పి పోయినారు. అప్పటి నుంచి అమ్మకి అన్నం సయించడం లేదు. రోజూ పొద్దున్నే త్రిశరణం (బుద్ధుడు, ధర్మం, సంఘం శరణు అని) చెప్పుకునే మనిషి, ఇప్పుడు బుద్ధుడి పటం ముందర కూర్చోవాలన్నా భయపడతా ఉంది.

నాకు రెండు సంగతులు తెలియాల. తప్పుడు మనిషికి ఇచ్చిన దానానికి పుణ్యం ఉంటదా? తమ్ముడికి నిజంగా అంత పాపం చుట్టుకుంటదా? ఊరూ పేరూ అడగొద్దు. ఆ మనిషిని బజారుకు ఈడ్చాలని రాయడం లేదు.

ఆనాపానం (ఆత్మకూరు)
అక్కా, ముందు అమ్మకి ధైర్యం చెప్పు. బుద్ధుడు చేతననే, అంటే చేసేటప్పటి ఉద్దేశాన్నే, కర్మ అన్నాడు. అమ్మ మనసులో ఆ రోజు ఏముందో అదే ఆమె కర్మ. ఆ డబ్బును ఆయన ఏం చేసుకున్నాడనేది ఆయన కర్మ. ఒకరి ఖాతాలోది ఇంకొకరు చెరిపేది ఉండదు. నేను నాగార్జునసాగర్ దగ్గర విపశ్యన ధ్యాన శిబిరంలో కూర్చున్నవాడిని. ఇంతకు మించి శాస్త్రం నాకు రాదు, మాస్టారు చెప్తారు.

ఒంగోలు మాస్టారు
అమ్మాయ్ మల్లీ, నీ మొదటి ప్రశ్నకు సరిగ్గా సరిపోయే సూత్రం ఒకటుంది. బుద్ధుడి ఉపదేశాల సంపుటాల్లో ఒకటైన మజ్ఝిమ నికాయంలో 142వది, దక్ఖిణావిభంగ సుత్తం. బుద్ధుడి పినతల్లి మహాపజాపతి గోతమి తన చేత్తో నూలు వడికి, తనే నేసి, ఒక కొత్త వస్త్రాల జత తెచ్చింది. నువ్వే తీసుకోవాలి నాయనా అని ముమ్మారు అడిగింది. ఆయన ముమ్మారూ "సంఘానికి ఇవ్వు గోతమీ, సంఘానికిస్తే నన్నూ సంఘాన్నీ ఇద్దరినీ గౌరవించినట్టే" అన్నాడు. పెంచిన తల్లి స్వయంగా నేసిన బట్ట! అయినా తన ఒంటి మీదికి తీసుకోక సంఘం వైపు తిప్పాడు.

ఆ తర్వాత లెక్క చెప్పాడు. జంతువుకు ఇంత పెడితే నూరంతల ఫలం. శీలం లేని మామూలు మనిషికి పెట్టినా వెయ్యంతలు. శీలవంతుడైన మామూలు మనిషికి పెడితే లక్షంతలు. పుచ్చుకునేవాడి గుణాన్ని బట్టి ఫలం హెచ్చుతగ్గులవుతుందని ఒప్పుకున్నాడు, కానీ శీలం లేనివాడి దగ్గర కూడా సున్నా అనలేదు.

అసలు మీ అమ్మ వినాల్సింది ఆ తర్వాతి మాట. దానం నాలుగు రకాలుగా శుద్ధి అవుతుందట. అందులో మొదటిది, ఇచ్చేవారి వల్ల శుద్ధి అయ్యేది. శీలం గల మనిషి, న్యాయంగా సంపాదించినదాన్ని, ప్రసన్నమైన మనసుతో, కర్మఫలం మీద నమ్మకంతో, శీలం లేనివాడి చేతిలో పెట్టినా ఇచ్చినవారి శీలమే ఆ దానాన్ని శుద్ధి చేస్తుంది. జాకెట్లు కుట్టి కూడబెట్టిన డబ్బు కన్నా న్యాయార్జితం ఏముంటుంది?

ఇంకొకటి. రాబోయే కాలంలో మెడకు కాషాయపు గుడ్డ చుట్టుకున్నవాళ్ళు, శీలం లేనివాళ్ళు వస్తారని బుద్ధుడే ఆ సూత్రంలో అన్నాడు. వాళ్ళకు ఇచ్చేటప్పుడు కూడా సంఘాన్ని తలచుకుని ఇస్తే ఆ దానానికి లెక్క కట్టలేమన్నాడు. మీ అమ్మ ఆ డబ్బు ఇచ్చింది మందిరానికి, పదిమంది ధ్యానానికి. ఆ మనిషి ఇంటి ఖర్చులకు ఇవ్వలేదు కదా.

నీలిజెండా_నెల్లూరు
మాస్టారు గారూ, మీరు చెప్పింది బాగుంది. నాకు మండేది ఇంటికొచ్చి బెదిరించిన ఆ ఇద్దరి మీద. లెక్క అడిగిన కుర్రోడికి నరకం చూపించేదేంది? మా నాయన తరం వాళ్ళు బౌద్ధంలోకి వచ్చింది ఇట్టాంటి బెదిరింపుల నుంచి బయటపడాలనే. బుద్ధుడు మోక్షదాత కాడు, మార్గదాత అని బాబాసాహెబ్ అంబేడ్కర్ చెప్పిందే మాకు ఆధారం. బుద్ధుడికే లేని అధికారం ఒక భంతేకి ఎక్కడిది? కేసపుత్తం ఊళ్ళో కాలాములనే జనానికి ఆయన ఏం చెప్పినాడు? "ఈ శ్రమణుడు మా గురువు" అనే ఒక్క కారణంతో దేన్నీ ఒప్పుకోవద్దన్నాడు. అట్టాంటిదే ఇంకో సంపుటం, అంగుత్తర నికాయంలో ఉంది. మజ్ఝిమ నికాయంలో వీమంసక సుత్తం చూడండి, తథాగతుడిని కూడా కంటితో చూసి, చెవితో విని పరీక్షించమన్నాడు. తననే పరీక్షించమన్న గురువు, శిష్యుడి శిష్యుడి శిష్యుడిని లెక్క అడగొద్దంటాడా?

మల్లీ, మీ తమ్ముడు చేసింది సరైన పని. పాపం గీపం ఏమీ లేదు.

ఒంగోలు మాస్టారు
లెక్క అడగడంలో పాపం లేదు, అక్కడిదాకా నీతో కలుస్తాను. కానీ "ఏమీ లేదు" అని తీసెయ్యడానికి నాకు మనసు రాదు తమ్ముడూ. కోకాలికుడనే భిక్షువు కథ సుత్తనిపాతంలో ఉంది, సంయుత్త నికాయంలోనూ ఉంది. బుద్ధుడి ముఖ్య శిష్యులు సారిపుత్తుడు, మొగ్గల్లానుడు పాపపు కోరికలున్నవాళ్ళని అతను బుద్ధుడి ముందుకొచ్చి అన్నాడు. "అట్లా అనకు, వాళ్ళ మీద ప్రసన్నత పెట్టుకో, వాళ్ళు మంచివాళ్ళు" అని బుద్ధుడు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ వినలేదు. వెళ్ళిన కాసేపటికే ఒళ్ళంతా ఆవగింజంత పొక్కులు లేచాయి. అవి పెసరగింజంత, శనగగింజంత, రేగుపండంత, ఉసిరికాయంత, చివరికి మారేడుపండంత అయి పగిలాయి. అతను చచ్చి పదుమ నరకంలో పుట్టాడని చెప్తారు. మనిషి పుట్టేటప్పుడే నోట్లో గొడ్డలి పెట్టుకుని పుడతాడు, చెడ్డమాట అన్నప్పుడల్లా దాంతో తననే నరుక్కుంటాడు అన్న గాథ ఆ సందర్భంలోదే.

నరకాన్ని నమ్మినా నమ్మకపోయినా ఆ కథలో అసలు సంగతి చూడు. కోకాలికుడు చెప్పింది అబద్ధం. దగ్గరుండి తెలిసిన బుద్ధుడు కాదన్నా మార్చుకోలేదు. ద్వేషమే అతని చేత అట్లా అనిపించింది. మల్లి తమ్ముడు అడిగింది కళ్ళ ముందు కనిపించే పునాది గుంట గురించి. రెండూ ఒక గాటన కట్టకూడదు. కానీ "కాషాయం కట్టినోళ్ళంతా" అన్నాడే, ఆ "అంతా" లో అతను చూడని వాళ్ళు, ఏ తప్పూ ఎరగని వాళ్ళు ఎంతమంది ఉన్నారు? నా అభ్యంతరం ఆ ఒక్క మాట దగ్గరే.

సముద్రపుగాలి (సింగరాయకొండ)
నేను టిబెటన్ పద్ధతిలో సాధన చేస్తాను. 2006 జనవరిలో దలైలామా గారు అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు మా బంధువులతో వెళ్ళాను. మా దగ్గర గురువును చిన్నచూపు చూడడం మూల పతనాల్లో (దీక్ష భంగమయ్యే పెద్ద తప్పుల్లో) మొట్టమొదటిది. అందుకే ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. బయటివాళ్ళు దీన్ని "గురువు ఏం చేసినా నోరు మూసుకో" అని అర్థం చేసుకుంటారు. మాలో కొందరు గురువులే అట్లా వాడుకుంటారు కూడా, అది ఇంకా బాధ.

అసలు పద్ధతి ఏమిటంటే, దీక్ష తీసుకోక ముందు గురువూ శిష్యుడూ ఒకరినొకరు పరీక్షించుకోవాలి. పన్నెండేళ్ళయినా చూడమంటారు. ఆ పరీక్ష లేకుండా కట్టిన ముడి మీద పతనాల లెక్క వెయ్యడం అన్యాయం. అశ్వఘోషుడి పేరున ఉన్న గురుపంచాశికలో కూడా, గురువు చెప్పిన పని న్యాయంగా చెయ్యలేనిదైతే ఎందుకు చెయ్యలేమో మర్యాదగా విన్నవించుకొమ్మని ఉంది. గురువు ధర్మానికి విరుద్ధమైన పని చెయ్యమంటే చెయ్యవద్దని టిబెటన్ ఆచార్యుడు త్సోంగ్‌ఖాపా వినయం (భిక్షువుల నియమాల గ్రంథం) మాటను ఎత్తి చూపించి మరీ రాశాడు.

1993లో ధర్మశాలలో పాశ్చాత్య బౌద్ధ ఉపాధ్యాయులు దలైలామాతో కూర్చుని మాట్లాడారు. గురువు నడవడి తప్పితే ముందు ఆయనకే చెప్పాలి, మారకపోతే తిరుగులేని ఆధారం ఉన్నప్పుడు బయటపెట్టడానికి వెనుకాడవద్దు అని ఆ సమావేశం తర్వాత వాళ్ళు బహిరంగ లేఖ రాశారు. ఇంత గురుభక్తి ఉన్న మా సంప్రదాయమే ఈ మాట చెప్తుంటే, మల్లి వాళ్ళ అమ్మకి అవీచి పేరు చెప్పి వెళ్ళిన ఆ ఇద్దరూ ఏ సంప్రదాయం వాళ్ళో నాకు అర్థం కావడం లేదు.

దర్శి రైతు
నాకు పాళీ రాదు, సూత్రాలు తెలియవు. మా వైపు చందవరం స్తూపం ఉంది, గుండ్లకమ్మ పక్కన కొండ మీద. చిన్నప్పుడు గేదెలు తోలుకుని ఆ పక్కకే పోయేవాళ్ళం. పెద్దయినాక, అక్కడి నుంచి చెక్కడపు రాళ్ళు దొంగలెత్తుకుపోయినారని తెలిసింది. అందులో ఒక సున్నపురాయి పలక, బుద్ధుణ్ణి కొలిచే భక్తుల బొమ్మలున్నది, ఎన్ని చేతులు మారిందో, ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో కొన్నది. దొంగసొత్తని తేలాక 2016లో మన దేశానికి తిరిగి ఇచ్చినారు.

నేనడిగేది ఇది. అప్పుడెప్పుడో ఆ పలక చెక్కించినాయన, కూలి డబ్బులిచ్చినాయన, చేతులు జోడించి అక్కడ నిలబెట్టినాయన. ఆయన పుణ్యం దొంగ ఆ రాయిని పెళ్ళగించిన రోజున పోయిందా? అమ్మిన రోజున పోయిందా? నాకైతే పోయిందనిపించదు. మల్లి వాళ్ళమ్మదీ అంతే.

నీలిజెండా_నెల్లూరు
దర్శి అన్నా, ఇంత చక్కగా మేమెవరం చెప్పలేదు. ఆ పలక సంగతి మా పిల్లకాయలకి చెప్తా.

కందుకూరు పిన్నమ్మ
మల్లీ, అందరూ పాపపుణ్యాల లెక్క తేలుస్తున్నారు. నాకు మీ అమ్మ అన్నం మానేసిందనే మాట దగ్గరే మనసు ఆగిపోయింది తల్లీ.

చుందుడి సంగతి మీ అమ్మకి చెప్పు. కమ్మరి పని చేసేవాడు. బుద్ధుడు ఆఖరిసారి తిన్నది ఆయన ఇంట్లోనే. ఆ తిండి తిన్నాకే జబ్బు ముదిరింది. పోయేముందు బుద్ధుడు ఆనందుణ్ణి పిలిచి ఏం చెప్పినాడో తెలుసా? "నా భోజనం తిని తథాగతుడు పోయినాడే అని చుందుడు కుమిలిపోతాడు. ఆ కుములుడు నువ్వు పోగొట్టాల. బోధికి (జ్ఞానోదయానికి) ముందు పెట్టిన భోజనమూ, పరినిర్వాణానికి ముందు పెట్టిన భోజనమూ రెండూ సమానం, మిగతా దానాలన్నిటికంటే గొప్పవని చెప్పు" అన్నాడు. ప్రాణం పోయే వేళ కూడా ఇచ్చినోడి మనసు నలగకూడదని ఆయన తాపత్రయం. అట్టాంటి ఆయన పేరు చెప్పుకుని మీ అమ్మ మనసును నలిపి పోయినారే ఆ ఇద్దరూ!

ఇంకో మాట. ఇచ్చే ముందు సంతోషం, ఇచ్చేటప్పుడు ప్రసన్నత, ఇచ్చినాక తృప్తి, ఈ మూడూ ఉండాలని అంగుత్తరంలో ఉంది. మొదటి రెండూ మీ అమ్మకి ఉన్నాయి. మూడోది ఇప్పుడు చెడిపోతా ఉంది. సంయుత్తంలో సావత్థి శెట్టి ఒకడున్నాడు. ముందు జన్మలో తగరసిఖి అనే ప్రత్యేకబుద్ధుడికి (గురువు లేకుండా జ్ఞానం పొందినాయనకి) అన్నం పెట్టించి, తర్వాత "ఇదేదో పనివాళ్ళు తిన్నా బాగుండేది" అని నొచ్చుకున్నాడట. అన్నం పెట్టించినందుకు డబ్బున్న ఇంట పుట్టినాడు. నొచ్చుకున్నందుకు మంచి తిండి తినను, మంచి గుడ్డ కట్టను మనసొప్పేది కాదు. ఈ కథ మీ అమ్మని భయపెట్టడానికి చెప్పకు, ఆ మూడో తృప్తిని చేతులారా పోగొట్టుకోవద్దని చెప్పు. మందిరం లేవనిది ఆమె తప్పు కాదు.

మల్లి_కావలి
పిన్నమ్మా, చదువుతుంటే ఏడుపొచ్చింది. చుందుడి కథ నిన్న రాత్రి అమ్మకి చదివి వినిపించినా. రెండోసారి చదవమంది. పొద్దున ఇడ్లీ తినింది.

తమ్ముడు మాత్రం మాస్టారు రాసింది చూసి "ఐతే నేను పోయి ఆయన కాళ్ళు పట్టుకోవాల్నా?" అని గట్టిగానే అడిగినాడు. ఏం చెప్పమంటారు?

ఒంగోలు మాస్టారు
పట్టుకోనక్కర్లేదు. కోసంబిలో ఏం జరిగిందో తెలిస్తే మీ తమ్ముడి వేడి చల్లారుతుంది. అక్కడి భిక్షువులు రెండు జట్లుగా చీలి కొట్లాడుకుని, బుద్ధుడు చెప్పినా వినలేదు. ఆయన విసిగి వాళ్ళను వదిలి వెళ్ళిపోయాడు. అప్పుడు ఊళ్ళోని గృహస్థులు ఒక మాట మీద నిలబడ్డారు. వీళ్ళకు నమస్కారం పెట్టొద్దు, లేచి నిలబడొద్దు, భిక్ష పెట్టొద్దు అనుకున్నారు. భిక్షువులు దారికొచ్చి, సావత్థికి పోయి తగవు తీర్చుకున్నారు. వినయపిటకంలోనే ఉంది ఇదంతా. గృహస్థులు పాపం చేశారని ఎవరూ అనలేదు.

శిష్యుడికి కూడా ఆ హక్కు ఉంది. హక్కేమిటి, బాధ్యతే. ఉపాధ్యాయుణ్ణి తండ్రిలా చూసుకొమ్మన్న వినయపిటకంలోని మహావగ్గమే, ఆయన పెద్ద తప్పు చేస్తే సంఘం ఆయనకు పరివాసం (కొంతకాలం వేరుగా ఉంచే శిక్ష) విధించేటట్టు శిష్యుడు పూనుకోవాలంటుంది. ఆయన తప్పుడు దృష్టిలో పడితే మళ్ళించమంటుంది. కాళ్ళు ఒత్తడమూ, తప్పు దిద్దించడమూ రెండూ ఒకే శిష్యుడి పని.

ఇక ఆ "అంతా" అన్న మాట. విశుద్ధిమగ్గంలో బుద్ధఘోషుడు చెప్పిన కథ ఉంది. ఒక ముసలి థేరుడు (పెద్ద భిక్షువు), ఒక కుర్ర భిక్షువు భిక్షకు పోయారు. మొదటి ఇంట్లోనే గరిటెడు వేడి జావ పోశారు. థేరుడికి కడుపులో వాయువు బాధ. చల్లారక ముందే తాగితే బాగుంటుందని, ఎవరో గడప కోసం తెచ్చి పడేసిన దుంగ మీద కూర్చుని అక్కడే తాగేశాడు. కుర్రవాడికి సిగ్గేసి "ఈ ముసలాయన ఆకలికి ఆగలేక మన పరువు తీశాడు" అన్నాడు. తిరిగొచ్చాక థేరుడు అడిగాడు, "నాయనా, ఈ శాసనంలో నీకు నిలకడ ఏమైనా దొరికిందా?" "సోతాపన్నుణ్ణి (మార్గంలో మొదటి మెట్టు ఎక్కినవాణ్ణి) భంతే." "ఐతే పై మార్గాల కోసం ప్రయాస పడకు. నువ్వు ఆసవాలు (మనసులోని మలినాలు) క్షీణించినవాణ్ణి, అంటే అర్హతుణ్ణి నిందించావు." కుర్రవాడు క్షమాపణ అడిగాడు, కర్మ మామూలు స్థితికి వచ్చింది. తెలిసి అన్నా తెలియక అన్నా ఆర్యులను (ఆ మెట్లు ఎక్కినవాళ్ళను) నిందించడం బరువైనదే అంటాడు బుద్ధఘోషుడు. కానీ దానికి మందుందనీ అక్కడే చెప్పాడు. వెళ్ళి అడగాలి. ఎవరిని అన్నామో తెలియకపోతే, తెలిసిన ఒక పండిత భిక్షువు దగ్గర "ఇట్లా అన్నాను, మనసు కలుక్కుమంటోంది" అని చెప్పుకుంటే చాలు. ఆ మనిషి పోయి ఉంటే దహనం చేసిన చోటుకైనా వెళ్ళి అడగమన్నాడు.

మీ తమ్ముడు లెక్క అడిగిన మాట వెనక్కి తీసుకోవద్దు. "అంతా" అన్నదొక్కటి వెనక్కి తీసుకోమను, అదీ తనకు మనసొప్పితేనే.

నీలిజెండా_నెల్లూరు
మాస్టారు గారూ, ఇక్కడ నాకు ఇంకా గొంతు దిగడం లేదు. దుంగ మీద జావ తాగినాయన అర్హతుడని కుర్రవాడికి ఎట్టా తెలుస్తుంది? తెలియక అన్న మాటకి మార్గం మూసుకుపోతే, మరి చేతనే కర్మ అన్నదానికి అర్థమేంది?

ఒంగోలు మాస్టారు
మంచి ప్రశ్న. అర్హతుడని తెలియకపోవచ్చు, కానీ తూలనాడాలన్న మనసు అతనిలో ఉంది కదా. ముసలాయనకు కడుపునొప్పేమో అన్న ఊహ కూడా రాలేదు. చేతన అక్కడ ఉంది. ఎవరి మీద పడిందన్నది బరువును పెంచింది. నేను దీన్ని ఇట్లా అర్థం చేసుకున్నాను, నువ్వు ఒప్పుకోకపోయినా నాకు కోపం లేదు.

సముద్రపుగాలి (సింగరాయకొండ)
ఇద్దరి మాటలకూ మధ్యలో ఒకటి. అంగుత్తరంలో ఒకే మనిషి మీద నమ్మకం పెట్టుకోవడం వల్ల వచ్చే అయిదు ప్రమాదాలు చెప్పారు. మొదటిదే ఇది: నమ్మిన భిక్షువు తప్పు చేసి సంఘం చేత శిక్ష పడితే, భక్తుడికి భిక్షువులందరి మీదా నమ్మకం పోతుంది, ఇంకెవరి దగ్గరికీ పోడు, ధర్మం వినడు, అట్లా జారిపోతాడు. మల్లి తమ్ముడి గురించి నా భయం నరకం కాదు, ఇదే. వాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. ఈ ఒక్క మనిషి మూలంగా ఇంక బుద్ధుడి మాట వినడం మానేస్తాడేమోనని.

మల్లి_కావలి
అక్కా, మీరన్నట్టే జరగతా ఉండె. ఇప్పుడిప్పుడే ఈ చర్చ చదువుతున్నాడు. కోసంబి కథ నచ్చింది వాడికి. "అంతా" అన్నమాట తప్పేలే అన్నాడు, అంతకు మించి ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

అమ్మ ఆఖరిగా ఒకటి అడగమంది. ఆమెకి త్రిశరణం, పంచశీల మొదట చెప్పింది ఆ భంతే గారే. రోజూ పొద్దున వందనం చేసేటప్పుడు ఆయన మనసులోకి వస్తాడంట. ఆయనకి దండం పెట్టుకోవచ్చా, పెట్టుకోకూడదా?

ఒంగోలు మాస్టారు
పెట్టుకోవచ్చమ్మా. సారిపుత్తుడికి ధర్మం మొదట చెవిన వేసింది అస్సజి అనే భిక్షువు. తర్వాత సారిపుత్తుడు ఎంత గొప్పవాడైనా, అస్సజి ఏ దిక్కున ఉంటే ఆ దిక్కుకు తల పెట్టుకుని పడుకునేవాడట. అదే సారిపుత్తుడు అంతకు ముందు సంజయుడనే వేరే గురువు శిష్యుడు. అక్కడ సారం లేదని తెలిశాక మొగ్గల్లానుడితో కలిసి సంజయుడి దగ్గరికి వెళ్ళి, మేము బుద్ధుడి దగ్గరికి వెళ్తున్నాం అని చెప్పే వెళ్ళాడు. "వెళ్ళొద్దు, ముగ్గురం కలిసి ఈ శిష్యుల్ని చూసుకుందాం" అని సంజయుడు ఆశ చూపినా ఆగలేదు. తిట్టనూ లేదు. త్రిశరణం నేర్పినందుకు మీ అమ్మ దండం పెట్టుకోవడం వేరు, ఆయన చేతిలో మళ్ళీ డబ్బు పెట్టడం వేరు. మొదటిది చెయ్యమను, రెండోది వద్దను.

కందుకూరు పిన్నమ్మ
ఆషాఢ పౌర్ణమికి మీ అమ్మని ఇంట్లోనే పదిమంది పిల్లకాయలకి అన్నం పెట్టమను తల్లీ, సంఘాన్ని తలుచుకుని. చేతిలో ఎంతుంటే అంతే. చీటీ డబ్బంత అవసరం లేదు.

నీలిజెండా_నెల్లూరు
మల్లీ, అమ్మ డబ్బిచ్చినప్పుడు రసీదు ఏమన్నా ఇచ్చినారా? చిన్న తెల్లకాయితం మీద సంతకమైనా సరే. ఉంటే జిరాక్సులు తీసి అసలుది ఇంట్లో పెట్టండి. ఆయన చేతిలో డబ్బు పెట్టిన మిగతా వాళ్ళ పేర్లు కూడా రాసుకోండి. ఈసారి తమ్ముణ్ణి ఒక్కణ్ణే పంపొద్దు. ఆదివారం మావాళ్ళు ఇద్దరు పెద్దోళ్ళని తీసుకుని నేను కావలి వస్తా, అందరం కలిసి పోయి మర్యాదగా అడుగుదాం. ఎన్నింటికి రావాలో మెసేజ్ పెట్టు.